చెప్పకుండా కలిపిన చిటికెడు

కళింగపట్నంలో నా చేతి ముద్ద వద్దన్న పిల్ల లేదు. గొప్పకు చెప్పడం లేదు, కావాలంటే మా వీధిలో ఎవరినైనా అడగండి. పిల్ల తినడం లేదంటే చాలు, తల్లులు చంకనేసుకుని, గిన్నెతో సహా నా గుమ్మంలోకి వచ్చేవారు. "తాతమ్మ పెట్టిందంటే రాయైనా తింతాది" అనేవారు. తాతమ్మ నా పేరే. నేను ఎండుచేపలు అమ్ముకునే మనిషిని. చదువు లేదు, నోరు మంచిది కాదు. ఊళ్లో నాకున్న పేరంతా ఈ కుడిచేతి వల్ల వచ్చిందే. అలాంటిది నా సొంత మనవరాలు, నా కొడుకు గోవింద్ కూతురు ఈశ్వరి, నా చేతిని చూసి తల తిప్పేసుకుంది. తప్పెవరిదో ముందే చెప్పేస్తాను, నాదే. అది ఒప్పుకోవడానికి మాత్రం మూడు నెలలు పట్టింది.

ఈశ్వరికి నాలుగేళ్లు నిండాయి. నెలలు నిండకుండానే పుట్టింది. మొదటి నలభై రోజులూ ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉంది. ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోశారు. ప్రాణంతో ఇంటికొచ్చింది, అదే చాలనుకున్నాం. అసలు పాట్లు తర్వాత మొదలయ్యాయి. పప్పు నాలిక మీద పడితే వాంతి. చారు వాసన తగిలితే ఏడుపు. పెరుగు వేలికి అంటుకుంటే చెయ్యి కడిగేదాకా ఊరుకోదు. నాలుగేళ్లు వచ్చేసరికి అది తినేవి మూడే మూడు మిగిలాయి: ఏమీ కలపని తెల్లన్నం, మరమరాలు, ఒకే ఒక్క రకం బిస్కెట్లు. ఆ బిస్కెట్టు కూడా విరిగి ఉంటే ముట్టదు.

గోవింద్ ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్‌లో, వెరావల్ రేవు చేపల బోట్ల మీదే ఉంటాడు. ఇంట్లో ఉండేది నేనూ, కోడలు అనూరాధా, ఈ పిల్లా. ఇక ఊరి నోరు ఉండనే ఉంది. పక్కింటి గురమ్మ వచ్చినప్పుడల్లా "ఏటే, పిల్ల ఇలగ పుల్లలాగున్నాది? తల్లికి ఓపిక నేదేటి?" అనేది. కాదని నేను ఒక్కసారైనా అన్నానా? అనలేదు. పైగా "నా మాట ఇనదు గురమ్మా, ఫోన్ సూసుకుంటా పెడతాది" అని వంత పాడేదాన్ని. అనూరాధ విననట్టే లోపలికి వెళ్లిపోయేది. పెళ్లిళ్లకు వెళ్లడం కూడా మానేసింది. అక్కడ అందరూ పిల్ల పళ్లెంలోకే చూస్తారని దానికి బాధ.

నేను చెయ్యని ప్రయత్నం లేదు. కాకిని చూపించాను, పడవలను చూపించాను. ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో పడేశాను. శ్రీకూర్మం వెళ్లి మొక్కుకున్నాను. ముక్కు మూసి నోట్లో కుక్కాను కూడా, దాచడం దేనికి? పిల్ల నా చీర మీదే కక్కుకుని గంటసేపు వెక్కిళ్లు పెట్టింది. అప్పుడు నా బుర్రలో ఆ దిక్కుమాలిన ఆలోచన పుట్టింది.

మా పేటలో బాలింతకైనా, ఎదిగే పిల్లకైనా బలానికి ఒకటే మందు, నెత్తళ్లు. వేలంత పొడవుండే చిన్న చేపలు. ఇసకలో బాగా ఎండినవి ఏరి, తలలు తీసి, పెనం మీద వేయించి, రోట్లో దంచి, పలచటి గుడ్డలో జల్లించాను. ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా వచ్చింది. కంటికి కనపడదు, నాలిక్కి తెలియదు అనుకున్నాను. అనూరాధ కుళాయికి వెళ్లింది చూసి, తెల్లన్నంలో ఒక్క చిటికెడు కలిపాను.

మొదటి ముద్ద తింది. నా ప్రాణం లేచొచ్చింది. రెండో ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం ఆపేసింది. నా ముఖంలోకి చూసింది. తర్వాత నా చేతిని తన రెండు చేతులతో పట్టుకుని, ముక్కు దగ్గరికి లాక్కుని వాసన చూసింది. ఏడవలేదు. ముద్దను పళ్లెంలో ఉమ్మేసి, పీట దిగి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి తెల్లన్నం ఎవరు పెట్టినా ముట్టలేదు. ఉన్న మూడింట్లో ఒకటి నేనే పోగొట్టాను.

నేను నోరు విప్పలేదు. విప్పితే తాతమ్మ పరువేం కావాలి? అనూరాధ పాపం బియ్యం మార్చింది. గిన్నె మార్చింది. గిన్నెకు సబ్బు వాసనేమోనని బూడిదతో తోమింది. నేను గుమ్మంలో కూర్చుని చేపలు ఏరుకుంటూ అవన్నీ చూశాను. పిల్ల మరమరాలూ బిస్కెట్లతోనే నెట్టుకొచ్చింది. మూడు నెలలయ్యేసరికి కిలో తగ్గింది. డాక్టరమ్మ తూకం చూసి, "ఇంకో అరకిలో తగ్గితే ఆసుపత్రిలో ఉంచి మళ్లీ గొట్టం వెయ్యాల్సి వస్తుంది" అంది. అనూరాధ గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

ఆ డాక్టరమ్మే శ్రీకాకుళంలో ఒక సెంటరు చిరునామా రాసిచ్చింది. బుధవారం బుధవారం అక్కడ అనిత అనే ఆవిడ పిల్లల తిండి గురించి చూస్తుందట. పిల్లలకే కాదు, పెట్టేవాళ్లకు కూడా నేర్పుతుందట. నాకు ఒళ్లు మండింది. నలభై ఏళ్లుగా ఊరందరి పిల్లలకూ పెట్టిన చెయ్యి ఇది, నాకు నేర్పేదేంటి అనుకున్నాను. దెబ్బలాడదామనే బస్సెక్కాను.

సెంటర్లో పెద్ద గది, కింద చాపలు. ఎనిమిది మంది దాకా అమ్మలూ నాన్నలూ గుండ్రంగా కూర్చున్నారు. పిల్లలు పక్క గదిలో ఆడుకుంటున్నారు. అనిత అంటే కళ్లజోడు పెట్టుకున్న పెద్ద మేడం అనుకున్నాను. తీరా చూస్తే విజయనగరం అమ్మాయి, నా కోడలి వయసే, నవ్వితే పళ్లన్నీ కనపడతాయి.

"మీ పిల్లలు ఏం తినరో నాకు చెప్పొద్దు. ఇవాళ తినిపించడానికి మీరేం చేశారో చెప్పండి" అంది.

ముందు మోహనకృష్ణ అనే రైతు మొదలెట్టాడు. నరసన్నపేట పక్క ఊరు. "మావోడు తెల్లగుంటేనే తింతాడండి. ట్రాక్టర్ తోలితే నోరు తెరుస్తాడని కూకోబెట్టుకుని పొలం సుట్టూ తిప్పుతన్నాను. రవుండుకో ముక్క. నిన్న ఒక ఇడ్లీకి పదకొండు రవుండ్లు. దున్నిన సేనే మల్లీ దున్నుతన్నానని ఊరోళ్లు నాకు పిచ్చెక్కీసిందనుకుంటన్నారండి."

గదంతా ఒకటే నవ్వు. అతనూ నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. ఆ పక్కనున్న ఆవిడ తన వంతు చెప్తూ ఏడ్చేసింది. ఆమె చెయ్యి అనూరాధ పట్టుకుంది. నా కోడలు అంతమందిలో అంత తేలిగ్గా ఊపిరి పీల్చుకోవడం నేను చూడటం అదే మొదలు. ఇన్నాళ్లూ తనొక్కతే చెడ్డ తల్లిననుకుందట, తర్వాత చెప్పింది.

"ఇది పిల్లల మొండితనం కాదు, తల్లుల చేతకానితనం అంతకన్నా కాదు" అంది అనిత. "కొందరికి నోట్లో మెత్తదనం, తడి, వాసన మనకు తెలిసినట్టు తెలియవు. పుట్టగానే గొట్టాలు పడ్డ పిల్లలకు నోటి దగ్గరికి ఏదొచ్చినా భయమే. ఆ భయం మీద మనం బలవంతం పెడితే ఏమవుతుందో చూద్దామా?"

అందరి కళ్లకూ గంతలు కట్టించింది. "ఇప్పుడు మీ నోట్లో ఒకటి పెడతాం. ఏంటని అడగొద్దు. మంచిదే, బలమే. నోరు తెరవండి" అంది.

నా పెదాలకు చెంచా తగిలింది. చల్లగా, జారుడుగా ఏదో ఉంది. తల వెనక్కి లాక్కున్నాను. చెంచా వెంటే వచ్చింది. "ఒక్కటి మామ్మగారూ, నా బంగారం కదూ" అంటోంది అనిత గొంతు. పళ్లు బిగించాను. రెండో పక్కకు తిరిగాను, అటూ వచ్చింది. ఇక నా వల్ల కాలేదు. ఒక్కటిచ్చాను చెంచాకి.

"ఏటి పెడతన్నావో సెప్పకండా నోట్లో ఎట్టీడవేటే? నేనేటి గొడ్డునా?" అని అరిచి గంతలు లాగేశాను.

చెంచాలో ఉన్నది ఉడికించి మెదిపిన చిలగడదుంప. అదిప్పుడు మోహనకృష్ణ చొక్కా మీద ఉంది. నేను ప్రాణం పెట్టి తినే దుంప. గది నవ్వుతోంది. నాకు నవ్వు రాలేదు. నా చేతిని పట్టుకుని వాసన చూసిన ఆ పిల్ల ముఖం ఎదురుగా వచ్చి నిలబడింది. అది నాలాగ అరవనైనా అరవలేదు కదా అనిపించింది. నోరు తెరిచేసరికి మాట బయటపడిపోయింది.

"నేనే కలిపీసినాను. తెల్లన్నంలో నెత్తల్ల పొడి. అందుకే అది అన్నం మానీసినాది. కోడలి తప్పేటీ నేదు."

నవ్వులు ఆగిపోయాయి. అనూరాధ కళ్లకు గంతలు అలాగే ఉన్నాయి. చాలాసేపు విప్పలేదు.

తిరుగు బస్సులో అనూరాధ పిల్లని తీసుకుని నా ముందున్న వేరే సీట్లో కూర్చుంది. శ్రీకూర్మం వెళ్లేవాళ్లు దిగిపోయి బస్సు సగం ఖాళీ అయ్యాక వెనక్కి తిరిగింది.

"మూడు రకాల బియ్యం మార్సినాను అత్తా. బూడిదెట్టి గిన్నెలు తోమినాను. నా సేతిలోనే ఏదో పాపముందనుకున్నాను. నువ్వు గుమ్మంలో కూకోని సూసినావు."

"సూసినాను" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. బస్సు దిగాక అది నాకోసం ఆగి, నా చేతిలో సంచీ తీసుకుంది. "మరెప్పుడూ నాకు సెప్పకండా ఏటీ సెయ్యకు" అంది. అంతే, నా కోడలిది చాలా పెద్ద మనసు.

ఇక ఇంట్లో కొత్త చట్టం వచ్చింది. అనిత చెప్పినవి అనూరాధ కాగితం మీద రాసి గోడకు అంటించింది. ఏం వండాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది మన పని. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్ల పని. అందరం కింద కూర్చుని కలిసి తినాలి. దాని పళ్లెంలో అది తినగలిగేది తప్పకుండా ఉండాలి. పక్కన చిన్న గిన్నెలో మనం తినేది ఒక చెంచాడు ఉంచాలి, ముట్టినా సరే, ముట్టకపోయినా సరే. "తిను" అన్న మాట ఇంట్లో వినపడకూడదు. తిన్నా చప్పట్లు కొట్టకూడదు.

ఆ నోరు మూసుకోవడం ఉందే, అమ్మో, పురుడు పోసుకోవడమే నయం. నాలిక చివరిదాకా వచ్చిన "ఒక్క ముద్దే తల్లీ"ని నీళ్లతో మింగేదాన్ని. మరీ ఆగలేకపోతే పెరట్లోకి పోయి కాకుల మీద అరిచేదాన్ని. ఒకరోజు గురమ్మ మా భోజనాల వేళకే వచ్చి, "ఏటే, పిల్ల ఇంకా పుల్లలాగే..." అని మొదలెట్టింది.

"గురమ్మా, పిల్ల తిండి గురించి ఒక్క మాటన్నావంటే నీ నోట్లో నేను ఎడతాను, ఏటో సెప్పకండా ఎడతాను" అన్నాను. అది తెల్లబోయి చూసింది. ముద్ద నోట్లో పెట్టుకోబోతున్న అనూరాధ పొలమారేదాకా నవ్వింది. ఎందుకో తెలియకుండానే ఈశ్వరీ నవ్వింది. మా ఇంట్లో అన్నం దగ్గర నవ్వు వినపడి ఎన్నాళ్లయిందో.

పిల్లకు నిజం చెప్పమంది అనిత. నాలుగేళ్ల పిల్లకు క్షమాపణ ఏంటి అనుకున్నాను గానీ చెప్పాను. ఇసకలో చేపలు తిరగేస్తూ, పక్కనే గవ్వలేరుకుంటున్న దానితో అన్నాను. "ఈసూ, ఆయాల నీ అన్నంలో నేనే సేపల పొడి కలిపినాను. నీకు సెప్పనేదు. తప్పైపోనాది తల్లీ. మరి కలపను." అది విన్నట్టే అనిపించలేదు. ఒక గవ్వ తీసి నా ఒళ్లో పడేసి వెళ్లిపోయింది.

అన్నం తిరిగి రావడానికి దారి కూడా అనితే చెప్పింది. దాచవద్దు, అంతా దాని కళ్లెదుటే జరగనివ్వండి అంది. బియ్యం కడిగేటప్పుడు ఈశ్వరి పక్కన ఉండేది. నీళ్లు అదే పోసేది. అన్నం ఉడికాక మూత తీసి చూపించేవాళ్లం. చల్లారాక గరిటె దాని చేతికే ఇచ్చేవాళ్లం. రెండు వారాలు వడ్డించుకుని చూస్తూ కూర్చుంది. మూడో వారం మంగళవారం నాడు వేళ్లతో ఒక మెతుకు తీసి, వాసన చూసి, నోట్లో వేసుకుంది. తర్వాత ఇంకోటి. నేను లెక్కపెట్టాను, మొత్తం ఐదు మెతుకులు.

మేమిద్దరం ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకోకుండా, ఏమీ జరగనట్టు పులుసు కలుపుకుని తిన్నాం. అది చెయ్యి కడుక్కుని బయటికి పరిగెత్తాక అనూరాధ నన్ను పట్టుకుని భోరుమంది. నేను కొంగు నడుముకు చుట్టి వంటింట్లోనే రెండు గంతులేశాను. ఆ కబురు సెంటరు వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెడితే పండగే. మోహనకృష్ణ ట్రాక్టర్ మీద కొడుకుతో ఫోటో పంపాడు, కింద "మావోడు పప్పు నాకీసినాడు" అని రాశాడు. కన్నీళ్లు తుడుచుకుంటూ ముఖం కూడా తెలియని వాళ్లందరికీ అనూరాధ పువ్వుల బొమ్మలు పంపుతూ కూర్చుంది.

నెల తిరిగేసరికి తూకం మూడు వందల గ్రాములు పెరిగింది. ఆ తర్వాత ఇంకో రెండు వందలు. డాక్టరమ్మ గొట్టం మాట ఎత్తడం మానేసింది. కరకరలాడేవి దానికి ఇష్టమని కనిపెట్టి అనూరాధ అప్పడం పెట్టింది, అది నాలుగోది. వేయించిన జీడిపప్పు ఐదోది. తల్లి పెడితే కూడా నోరు తెరుస్తోంది. నా చెయ్యి మాత్రం దగ్గరికి వస్తే తల తిప్పేసుకుంటుంది. నేను దేవుడికి దండం పెట్టి, పిల్ల తింటోంది కదా, అంతకన్నా నాకేం కావాలి అనుకునేదాన్ని. అబద్ధం. నాకు కావాలి. ఊళ్లో పిల్లలందరూ తిన్న చెయ్యి నా పిల్లకే పనికిరాకపోతే ఎలా ఉంటుందో చెప్పలేను.

వర్షాలకు ముందు అక్కడ వేట ఆపేశాక గోవింద్ ఇంటికొచ్చాడు. మొదటి పూటే కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, చేపల పులుసు కలిపిన ముద్ద ఎత్తి, "నాన్న కోసం ఒక్కటి తినమ్మా" అన్నాడు.

"ఒరే, దించరా సెయ్యి!" అని నేనూ, "ఆ మాట అనకు!" అని అనూరాధా ఒకేసారి అరిచాం. వాడు బిత్తరపోయాడు. ఎనిమిది నెలలు సముద్రం మీదుండి వచ్చినవాడు, తన ఇంట్లో తన అన్నం చేతిలో పట్టుకుని దొంగలా కూర్చున్నాడు. అనూరాధ గోడ మీది కాగితం చూపించి చదివించింది. చదివి, ఆ ముద్ద బుద్ధిగా తన నోట్లోనే పెట్టుకున్నాడు. ఈశ్వరికి అది తమాషాగా అనిపించి పడీపడీ నవ్వింది.

మళ్లీ భోజనాలు మొదలెట్టాం. గోవింద్ వెరావల్ కబుర్లు చెప్తున్నాడు. నేను తల వంచుకుని తింటున్నాను. ఇంతలో నా మోకాలు మీద ఏదో బరువు పడింది. ఈశ్వరి తన పళ్లెం తెచ్చి నా ముందు పెట్టి, నా ఒళ్లో ఎక్కి కూర్చుంది.

"మామ్మా, నువ్వెట్టు."

నేను దాన్ని పక్కన కూర్చోబెట్టి లేచి, చెయ్యి సబ్బుతో కడుక్కుని వచ్చి, మళ్లీ ఒళ్లోకి తీసుకున్నాను. దాని ఎదురుగానే దాని పళ్లెంలో తెల్లన్నం తీసి, రేగిపండంత ముద్ద చేసి, అరచేతిలో పెట్టి చూపించాను. అది నా మణికట్టు పట్టుకుని వాసన చూసింది. వేలితో ముద్దను విడదీసి చూసింది. తీరిగ్గా చూసుకుంది, నేను పట్టుకునే ఉన్నాను. అప్పుడు నోరు తెరిచింది.

తింది. నమిలి, మింగింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది, సంతోషం కూడా, రెండూ కలిసే. నా చెయ్యి ఊరుకోదు కదా, అలవాటుగా రెండో ముద్ద అప్పటికే చేసేసింది. దాని నోటి దాకా తీసుకెళ్లాను.

"సాలు" అంది.

నలభై ఏళ్లలో "సాలు" అన్న ఏ పిల్లకూ నేను ఆపింది లేదు. ఇంకొక్కటి, ఆఖరుది, ఇది కాకికి, ఇది దేవుడికి అంటూ మూడు ముద్దలైనా ఎక్కించకుండా ఎవర్నీ వదల్లేదు. ఆ మాటలన్నీ నాలిక మీదికి వచ్చి నిలబడ్డాయి. అది నా ముఖంలోకే చూస్తోంది, ఈ ముసలిది ఏం చేస్తుందా అని.

"సాలా? సరే తల్లీ" అని ఆ ముద్ద నా నోట్లో వేసుకున్నాను.

అది ఒళ్లోంచి దిగిపోలేదు. నా గుండెకు ఆనుకుని, నేను తినేదాకా అలాగే కూర్చుంది.